గ్రాసియాస్ అంటే చాలు

మొంతెవిదేయోలో జులై. చలికాలం.
నది మీంచి ఆగ్నేయపు గాలి
కిటికీ రెక్కని రాత్రంతా తడుతూనే ఉంది.
నాలుగో అంతస్తులో నేనూ, ఇంక్యుబేటరూ.
దానికి ముప్పై ఏడు డిగ్రీలు.
నాకు రెండు స్వెట్టర్లు.

రెండు వారాల కిందట
ఇంకా పుట్టని ఎలుకపిల్లల మెదడు కాండంలోంచి
ఆవగింజంత ముక్క తీసి, విడదీసి
గాజు మీద చల్లాను.
ఎన్ని పిల్లలో పుస్తకంలో రాశాను.
తల్లి సంగతి రాయడానికి అందులో గడి లేదు.
మూడో రోజుకి వేళ్లు చాచాయి.
వారానికి ఒకదాన్నొకటి తడుముకున్నాయి.
ఇప్పుడు మైక్రోస్కోపులో చూస్తే
ఎవరో నీళ్లలో సాలెగూడు ఆరేసినట్టు.

వీటిల్లో సెరటోనిన్ కణాలు కొన్నే,
వందకి రెండో మూడో.
బయట దాన్ని సంతోషం అంటారు.
మందుల షాపు గోడ మీద
నవ్వే ఆడమనిషి బొమ్మ వేసి అమ్ముతారు.
ఇక్కడ, గిన్నె అడుగున,
సంతోషపడటానికి మనిషే లేదు.
దిగులు పడాలన్నా ఎవరు పడాలి?
మాట ఉంది. మాట జారడం ఉంది.
అంతే నేను కొలిచేది.

పొటాషియం దండిగా కలిపిన ద్రవం వదుల్తాను.
కణం పొర ఉలిక్కిపడుతుంది.
కాల్షియం తలుపులు తెరుచుకుంటాయి.
అంచున కాచుకున్న సంచులు
గోడకి మూతి ఆనించి ఒలికిపోతాయి.
మూడేసి నిమిషాలకో గొట్టం నింపుతాను,
యంత్రం కాగితం మీద చిన్న కొండ గీస్తుంది.
కాల్షియం తీసేసిన రోజు కొండ లేదు.
ఉలుకుంది, పలుకు లేదు.

ఇంతవరకూ ఎవరైనా చెప్తారు.
నన్ను ఇరవై రెండేళ్లుగా ఈ బల్లకి కట్టేసింది
ఆ తరవాత జరిగేది.
అన్న మాట అన్నవాళ్ల చెవినే పడుతుంది.
కణం ఒంటి మీదే ఉంటుంది ఆ చెవి.
తన సెరటోనిన్ తనకే తగిలి
తలుపు కాస్త దగ్గరికి వేసుకుంటుంది.
మిగిలినదాన్ని వెనక్కి పీల్చుకుని
మళ్లీ సంచుల్లో సర్దుకుంటుంది,
సంత ముగిశాక చిల్లర ఏరుకున్నట్టు.

నిన్న డాక్టర్ లార్రాన్యాగా చెప్పిన మందు వేశాను,
ఆ చెవిని మూసేసే మందు.
కొండ రెట్టింపై కాగితం అంచు దాటింది.
ఆవిడ బావుందని సంతకం పెట్టి వెళ్లిపోయింది.
నాకు ఫెర్మీన్ బాబాయి గుర్తొచ్చాడు.

సెర్రోలో, మాంసం ఫ్యాక్టరీ రంపాల మధ్య
ముప్పై ఏళ్లు నిలబడి చెవులు పోగొట్టుకున్నాడు.
తన గొంతు తనకి వినపడక
రహస్యాలన్నీ అరిచి చెప్పేవాడు.
ఓసారి బస్సులో, పిన్ని చెవి దగ్గర వంగి,
‘‘ఒదీలియా, ఇవాళ భలే ఉన్నావే!’’
బస్సు బస్సంతా వెనక్కి తిరిగింది.
పిన్ని తిట్టలేదు.
అతని ముంజేతి మీద రెండు వేళ్లు ఆనించింది.
వేళ్ల బరువుని బట్టి అతని గొంతు దిగేది,
రేడియో మర తిప్పినట్టు.

ఆవిడ పోయాక
ఇక పట్టపగ్గాలుండవనుకున్నాం.
అసలు మాట్లాడటమే మానేశాడు.
ఈ ఫలితానికి
నా దగ్గర ప్రయోగం లేదు.

తెల్లవారుజామున నాలుగింటికి
వాచ్‌మన్ వోల్నేయ్ పైకొచ్చాడు,
చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే.
సొరకాయ బుర్రలో చేదు ఆకు, పైన వేడినీళ్లు.
ఇక్కడ మాతే తాగుతూ ఎవరూ గ్రాసియాస్ అనరు.
అంటే ఇంక చాలని అర్థం.
అననంతసేపూ పోసేవాడు పోస్తూనే ఉంటాడు.

మొదటిది నాలుక కాల్చింది.
రెండోది, మూడోది, వాళ్ల చిన్నమ్మాయి పరీక్షల గురించి.
నాలుగోది అందుకున్నప్పుడు
మాట పెదవి దాకా వచ్చింది.
కిటికీ రెక్క తడుతూనే ఉంది.
పదకొండో గొట్టం ఇంకా నిండలేదు.
చివరి గుక్క చప్పుడయ్యేలా పీల్చి
ఏమీ అనకుండా
ఖాళీ బుర్ర అతని చేతికిచ్చాను.